తీసుకోలేదు, ఆపాం అంతే



"మా పొలం 22ఏలో పడిందండీ." ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఓ పూట నిలబడితే ఈ మాట చెవిన పడకుండా ఉండదు. కూతురి పెళ్లికని ఎకరం పొలం బేరం పెట్టిన రైతు బయానా పుచ్చుకుంటాడు. సాక్షులను వెంటబెట్టుకుని డాక్యుమెంటు రైటరు దగ్గరికి వస్తాడు. రైటరు సర్వే నంబరు కంప్యూటర్లో కొట్టి, "ఇది నిషేధిత జాబితాలో ఉంది, రిజిస్ట్రేషన్ కాదు" అంటాడు. పట్టాదారు పాసు పుస్తకం ఉంది. అడంగల్‌లో పేరుంది. తాత పేరున శిస్తు కట్టిన రసీదులూ ఉన్నాయి. ఏవీ పనికిరావు. జాబితాలో ఎప్పుడు చేరిందో, ఎవరు చేర్చారో రైటరుకూ తెలీదు, రైతుకూ తెలీదు. ఇంటికి నోటీసు వచ్చిన పాపాన పోలేదు.

22ఏ అంటే రిజిస్ట్రేషన్ చట్టంలో ఒక సెక్షన్. దానికి ఇప్పుడున్న రూపం 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో వచ్చింది. ఉద్దేశం మంచిదే. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు, పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, సీలింగులో మిగులుగా తేలిన భూములు దొంగ దస్తావేజుల మీద చేతులు మారిపోతున్నాయని, అసలు రిజిస్ట్రేషన్ దగ్గరే అడ్డుకట్ట వేశారు. కబ్జాదారుల సంగతి తెలిసిన వాళ్లెవరూ ఈ సెక్షన్ అక్కర్లేదనరు. చిక్కంతా జాబితా తయారైన తీరులో ఉంది. పదెకరాల సర్వే నంబరులో రెండెకరాలు ప్రభుత్వానిదైతే, సబ్ డివిజన్ చేసే ఓపిక లేక మొత్తం నంబరునే జాబితాకెక్కించిన సందర్భాలు కోకొల్లలు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంటు రిజిస్టర్లలో యజమాని పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన భూములున్నాయి. చుక్కల భూములంటాం. ఎప్పుడో ఓ గుమాస్తా పెట్టిన చుక్కలకు మూడో తరం రైతు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ముడి విప్పడానికి ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. 2015 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ కూడా ఈ జాబితాలు ఎవరు పంపాలి, ఎలా పంపాలి అని వివరంగా చెప్పింది. అయినా అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ) కోసం రైతు కలెక్టరేటు చుట్టూ తిరగడం ఆగలేదు. తెలంగాణలో 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినా, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినా, నిషేధిత జాబితా గోడు అక్కడా తక్కువేం కాదు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. ప్రభుత్వం ఆ పొలాన్ని తీసుకోలేదు. రైతే దున్నుకుంటున్నాడు, రైతే కోసుకుంటున్నాడు. కాగితం మీద యజమానీ అతనే. కానీ అమ్మలేడు, బ్యాంకులో తాకట్టు పెట్టలేడు, కూతురికి పసుపు కుంకుమ కింద రాసివ్వలేడు. ఆఫీసులో అడిగితే, "మేం తీసుకోలేదు, ఆపాం అంతే" అంటారు.

మన ఆస్తుల మీద సర్కారు అధికారాలు పెరుగుతున్నాయని జనంలో ఉన్న గుబులుకు అసలు కారణం నా దృష్టిలో ఈ "ఆపాం అంతే" అన్న మాటే. బలవంతంగా లాక్కునే ప్రభుత్వం గురించి మనకు తెలుసు, దానికి చట్టంలో అడ్డంకులూ ఉన్నాయి. రోడ్డుకోసమో ప్రాజెక్టుకోసమో భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువ కట్టాలి. దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఓదార్పు పరిహారం, ఇవ్వాలి. నోటిఫికేషన్ రోజు నుంచి ఏడాదికి 12 శాతం అదనంగా లెక్కగట్టాలి. డబ్బు చెల్లించకుండా భూమి స్వాధీనం చేసుకుంటే మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ. అన్నీ సక్రమంగా అందుతున్నాయని నేననను. కానీ అడగడానికి ఒక లెక్కంటూ ఉంది. మరి ఆపి ఉంచిన ఆస్తికి? వడ్డీ లేదు, గడువు లేదు, ఆపినవాడికి పూచీ లేదు.

పొలం లేనివాళ్లు ఇది మన గొడవ కాదనుకోనక్కర్లేదు. ఈ ఐదారేళ్లలో ఇది మన జేబులోకే వచ్చింది.

మీ వీధి చివర టిఫిన్ బండి నడిపే ఆవిడ ఉందనుకుందాం. బండికి క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. పొద్దున ఇడ్లీ తిన్న కుర్రాడొకడు ఎనభై రూపాయలు కొట్టి వెళ్లిపోయాడు. ఆ ఎనభై అతని ఖాతాలోకి ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకేం తెలుసు? వేరే రాష్ట్రంలో ఎవరో పెద్దాయన్ని డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరించి కాజేసిన సొమ్ములో అదొక తునక అయ్యుండొచ్చు. ఆ పెద్దాయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తాడు. ఫిర్యాదు పోర్టల్లోకి ఎక్కుతుంది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పాకిన దారిని పోలీసులు పొరలు పొరలుగా వెతుకుతారు. వాళ్ల భాషలో వాటిని లేయర్లంటారు. నాలుగో లేయరులోనో ఐదో లేయరులోనో ఈవిడ ఖాతా తగులుతుంది. మర్నాడు పొద్దున పిండి, నూనె కొందామని కొట్టు దగ్గర ఫోన్ తీస్తే డబ్బు కదలదు. బ్యాంకుకు వెళ్తే, "మీ ఖాతా ఫ్రీజ్ అయిందమ్మా, ఫలానా రాష్ట్రం సైబర్ సెల్ నుంచి వచ్చింది, మా చేతుల్లో లేదు" అంటారు. వచ్చింది ఎనభై రూపాయలు, ఆగింది ఖాతాలో ఉన్న మొత్తం. అందులో పిల్లాడి కాలేజీ ఫీజు ఉండొచ్చు, చీటీ పాట డబ్బులూ ఉండొచ్చు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం ఇలాగే ఉంటుంది.

పోలీసులకు ఈ అధికారం ఊరికే రాలేదు. పాత సీఆర్‌పీసీలో 102వ సెక్షన్ ఉండేది. దొంగ సొత్తని అనుమానం కలిగిన ఏ వస్తువునైనా పోలీసు స్వాధీనం చేసుకోవచ్చు. దొంగిలించిన సైకిలు, మెడలో గొలుసు, ఎడ్లబండి లాంటివి మనసులో పెట్టుకుని రాసిన సెక్షన్ అది. బ్యాంకు ఖాతా కూడా ఆ సెక్షన్ కింద ఆస్తేనని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. 2024 జులై 1 నుంచి అదే సెక్షన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106గా వచ్చింది. సైకిలును స్టేషనులో పెడితే సైకిలొక్కటే ఆగుతుంది. ఖాతాను ఆపితే సంసారం ఆగుతుంది. ముందుగా మేజిస్ట్రేటు అనుమతి అక్కర్లేదు, ఆపిన వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేస్తే చాలు. ఆ తెలియజేయడం కూడా జరగలేదని హైకోర్టులు ఫ్రీజ్‌ను ఎత్తేసిన సందర్భాలున్నాయి. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి పిటిషన్ల గుంపు విని, పోలీసులు అనుమానిస్తున్న మొత్తం ఎంతో అంతవరకే ఆపండి, తక్కిన ఖాతా జోలికి పోవద్దు అంది. ఇంత మామూలు మాట చెప్పించుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లాలా అనిపిస్తుంది.

రెండోవైపు కూడా చెప్పుకోవాలి. జీవితకాలం కూడబెట్టిన పింఛను డబ్బు పోగొట్టుకున్న పెద్దాయన దగ్గరికెళ్లి ఫ్రీజ్ చెడ్డదని చెప్పగలమా? గంటలో ఆపితేనే ఆయన డబ్బు దక్కేది. అలా ఆపిన సొమ్మును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించారు కూడా. ఆపే అధికారం ఉండాల్సిందే. కానీ ఆపడానికి పట్టే సమయాన్ని నిమిషాల్లోకి తగ్గించుకున్నవాళ్లు వదలడానికి పట్టే సమయాన్ని అంతగా పట్టించుకోలేదు.

ఇక ఈడీ, అంటే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సంగతి. పేరు వింటే రాజకీయ నాయకులే గుర్తొస్తారు గనక ఆ కోణం జోలికి నేను వెళ్లను. అది రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం. చట్టం ఎలా పెరిగిందో మాత్రం చూద్దాం. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2002 నాటిది, అమల్లోకి వచ్చింది 2005 జులై 1న. మాదకద్రవ్యాల ముఠాల సొమ్ము లాంటివాటిని పట్టడానికని దేశదేశాలు కలిసి అనుకున్న దాంట్లోంచి పుట్టింది. మొదట్లో అసలు నేరంలో పోలీసులు చార్జిషీటు వేశాకే ఆస్తి అటాచ్ చేసే, అంటే చేతులు మారకుండా ఆపే, వీలుండేది. 2009 సవరణతో, ఆలస్యమైతే ఆస్తి చేజారుతుందని అధికారి రాసుకుంటే ముందే అటాచ్ చేయొచ్చన్నారు. ఆ తర్వాతి సవరణలతో జాబితాలోని నేరాలు పెరిగాయి. చాలా నేరాలకు ఉన్న రూ.30 లక్షల కనీస పరిమితీ పోయింది. ఇంకో మెలిక ఉంది. నేరంతో వచ్చిన ఆస్తి దొరక్కపోతే దానికి సమానమైన విలువ గల వేరే ఆస్తినైనా అటాచ్ చేయొచ్చు. అంటే 2015లో జరిగిందంటున్న నేరానికి 1990లో కొన్న ఇల్లు బాకీ పడొచ్చన్నమాట.

ఈ చట్టం మీద తొలినాళ్ల పెద్ద వాదనల్లో ఒకటి నడిచింది మన హైదరాబాద్‌లోనే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల బండారం బయటపడింది. ఆ కేసులో నిందితులుగా లేని వాళ్ల పేరున ఉన్న ఆస్తులనూ ఈడీ అటాచ్ చేసింది. మా మీద కేసు లేనప్పుడు మా ఆస్తి ఎలా ఆపుతారని వాళ్లు కోర్టుకు వెళ్లారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011లో ఆ సెక్షన్లు చెల్లుతాయనే తీర్పిచ్చింది. బినామీ పేర్ల మీద దాచుకునే అలవాటున్న దేశంలో ఆ తీర్పును తప్పుబట్టడం నాకూ కష్టమే. 2022 జులై 27న సుప్రీంకోర్టు కూడా చట్టానికి దాదాపు పూర్తిగా ఆమోదం తెలిపింది. ఒక్కచోట మాత్రం కాస్త ఆగి, ఆస్తి జప్తుపై తుది ఉత్తర్వు రాకముందే ఇంట్లోంచి ఖాళీ చేయించడం మామూలు పద్ధతి కాకూడదనీ, అసాధారణ సందర్భాల్లోనే చేయాలనీ అంది.

చట్టం రాతలో గడువులు లేకపోలేదు. తాత్కాలిక అటాచ్‌మెంట్ 180 రోజులు. ఆలోగా అడ్జుడికేటింగ్ అథారిటీ ఖరారు చేయాలి. ఆ అథారిటీ ఉండేది ఢిల్లీలో. ఖరారయ్యాక మాత్రం ఆ ఆస్తి విచారణ ముగిసేదాకా అలాగే ఉంటుంది. విచారణ ఎప్పుడు ముగుస్తుంది? 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు చెప్పిన లెక్క ప్రకారం 2014 నుంచి ఈ చట్టం కింద పెట్టిన కేసులు 5,297. శిక్షలు పడినవి 40. ఈ లెక్క చూపించి ఈడీని విమర్శించేవాళ్లకు ఈడీ ఒక జవాబిస్తుంది. తీర్పు దాకా వచ్చిన కేసుల్లో తొంభై శాతానికి పైగా మేమే గెలిచామంటుంది. రెండు మాటలూ నిజమే. తీర్పు దాకా వచ్చిన కేసులే అంత తక్కువన్న సంగతి మాత్రం ఇద్దరి మాటల మధ్యా నలిగిపోతోంది. 180 రోజుల గడువు పెట్టుకున్న చట్టం, ఆ తర్వాతి పదేళ్లకు గడువు పెట్టలేదు.

గడువు లేకపోవడం నిందితుడికే నష్టమనుకుంటే పొరపాటు. అగ్రిగోల్డ్ బాధితులను అడగండి. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ పల్లెపల్లెనా ఏజెంట్లను పెట్టి, ప్లాట్లిస్తామని, లేదంటే వడ్డీతో కలిపి తిరిగిస్తామని కూలీనాలీ జనం దగ్గర డిపాజిట్లు కట్టించుకుంది. ఏజెంట్లు కూడా ఎవరో కాదు, ఆ ఊరి టీచరో, బావమరిదో, పక్కింటి అమ్మాయో. చెక్కులు వెనక్కి రావడం మొదలయ్యాక ఆ ఏజెంట్లు ఊళ్లో తలెత్తుకోలేకపోయారు. 2015లో ప్రభుత్వం సంస్థ ఆస్తులను డిపాజిటర్ల రక్షణ చట్టం కింద అటాచ్ చేసినప్పుడు జనం హమ్మయ్య అనుకున్నారు. మంగళగిరి దగ్గర హాయ్‌ల్యాండ్ రిసార్టు ఉంది, వందల ఎకరాలున్నాయి, అమ్మి పంచేస్తారు అన్నారు. వేలం అన్నారు, ఎవరో పెద్ద సంస్థ మొత్తం కొంటుందన్నారు, ఆ సంస్థ తప్పుకుంది. పదివేల లోపు, ఇరవైవేల లోపు డిపాజిట్లు చేసినవాళ్లకు 2019, 2021లలో రాష్ట్ర ప్రభుత్వం ఖజానాలోంచి ఇచ్చింది, అమ్మిన ఆస్తుల్లోంచి కాదు. ఈలోగా ఈడీ కూడా కేసు పెట్టి అవే ఆస్తులను తన చట్టం కింద అటాచ్ చేసింది. ఒకే పొలానికి రెండు తాళాలు. వేల కోట్ల విలువైన ఆ ఆస్తులను తిరిగి రాష్ట్ర సీఐడీకి అప్పగించడానికి హైదరాబాద్ కోర్టు అనుమతి వచ్చేసరికి 2025 అయింది. నడుమ పదేళ్లు గడిచాయి. కొన్ని ఇళ్లలో డిపాజిట్ కట్టిన అమ్మ ఇప్పుడు ఫొటోలో ఉంది. బాండు కాగితం మాత్రం బీరువాలో ఉంది.

ఈ అనుభవంలోంచి చూస్తే 2024లో వచ్చిన కొత్త సెక్షన్ ఒకటి వెలుగూ చీకటీ కలిసినట్టు కనిపిస్తుంది. సురక్షా సంహితలో 107వ సెక్షన్. ఇది పాత చట్టంలో లేదు. నేరంతో సంపాదించిన ఆస్తి అని పోలీసు అధికారి నమ్మితే ఎస్పీ అనుమతితో కోర్టుకు దరఖాస్తు చేయొచ్చు. కోర్టు 14 రోజుల నోటీసు ఇస్తుంది. అవసరమనుకుంటే నోటీసు లేకుండానే మధ్యంతరంగా ఆపుతుంది. నేరపు సొమ్మేనని తేలితే కలెక్టరు దాన్ని 60 రోజుల్లో బాధితులకు పంచాలి. అగ్రిగోల్డ్ బాధితుడికి ఇది కల లాంటి మాట. ఇందులో జడ్జి ఉన్నాడు, గడువూ ఉంది. కానీ ఇదంతా శిక్ష పడకముందే జరిగిపోతుంది. ఈడీ చట్టానికి నేరాల జాబితా అంటూ ఒకటుంది, ఇక్కడ అదీ లేదు. రేపు ఆ మనిషి నిర్దోషి అని తేలితే పంచేసిన సొమ్ము ఎలా వెనక్కి వస్తుందో ఆ సెక్షన్ చెప్పదు. బాధితుడికి తొందరగా ఇవ్వడమూ నిర్దోషికి తిరిగి ఇవ్వడమూ రెండూ ప్రభుత్వం పూచీ పడితేనే కుదురుతాయి. ప్రభుత్వం పూచీ పడలేదు.

ఆస్తి మీద ఈ బెంగ మన రాష్ట్రంలో ఒక ఎన్నికనే కుదిపేసింది గదా. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. 2024 ఎన్నికల ప్రచారంలో ఆ చట్టం ఊరూరా మారుమోగింది. కొత్త ప్రభుత్వం ఆ ఏడాది జులైలోనే రద్దు బిల్లు తెచ్చింది. మీ భూములన్నీ లాగేసుకుంటారన్న ప్రచారంలో అతిశయోక్తి పాలు ఎక్కువేనని నా అభిప్రాయం. ఆ చట్టం భూమి ఎవరిదో ఖాయం చేసే రిజిస్టరు గురించినది. కానీ లాయర్లు లేవనెత్తిన ఒక ప్రశ్న మాత్రం న్యాయమైనది. హక్కు వివాదం వస్తే ఊరి దగ్గరి సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసేసి ఒక అధికారి చేతిలో పెట్టడమేమిటని అడిగారు. ఆ ప్రశ్న ఆ ఒక్క చట్టంతో పోదు. 22ఏకీ, ఫ్రీజ్‌కీ, అటాచ్‌మెంట్‌కీ వర్తిస్తుంది.

ఆస్తి హక్కు అనగానే పెద్దలకు జమీందార్లు గుర్తొస్తారు. నిజమే. జమీందారీల రద్దును, జాగీర్ల రద్దును అడ్డుకోవడానికి ఆ హక్కునే పట్టుకుని కోర్టులకెక్కారు. అందుకే రాజ్యాంగంలో దాన్ని సడలిస్తూ సడలిస్తూ వచ్చి, 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచే తీసేశారు. ఇప్పుడు 300ఏ అధికరణంలో ఒకే ఒక్క వాక్యంగా ఉంది. చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తినీ తీసివేయకూడదన్నది దాని సారం. 2024 మేలో కలకత్తా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ వాక్యాన్ని విప్పి చూసి, అందులో ఏడు హక్కులున్నాయంది. నోటీసు పొందే హక్కు, వాదన వినిపించుకునే హక్కు, కారణాలు రాసిన ఉత్తర్వు పొందే హక్కు వాటిలో మొదటివి. పరిహారమూ, పని సకాలంలో ముగించడమూ కూడా అందులో ఉన్నాయి. అదంతా తీసుకోవడం గురించి. ఆపడానికి కూడా ఇవే వర్తిస్తాయని గట్టిగా ఒక్క తీర్పు వస్తే ఎంత బాగుండు!

తప్పు చేసిన అధికారికి కాస్త నొప్పి తగిలే మార్గం కోర్టుకు తెలియనిది కాదు. అదే ఏడాది నవంబరు 13న బుల్డోజర్ కూల్చివేతల కేసులో, 15 రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూలిస్తే తిరిగి కట్టించే ఖర్చు అధికారి సొంత డబ్బులోంచి రాబట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. కూల్చినందుకు వర్తించేది, కారణం లేకుండా మూడేళ్లు ఖాతా ఆపినందుకు ఎందుకు వర్తించకూడదు? కనీసం బ్యాంకు సేవింగ్స్ మీద ఇచ్చే వడ్డీతో పాటు ఏదైనా నష్టపరిహారం కట్టాల్సి వస్తే, ఫైళ్లు బీరువాల్లో అన్నేళ్లు నిద్రపోవు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి చెప్పి ముగిస్తాను. ఖాతా ఫ్రీజ్ అయిందని తెలిస్తే బ్యాంకు వాళ్లను నోటిమాట అడిగి ఊరుకోకండి. ఏ రాష్ట్రం, ఏ స్టేషను, ఏ సెక్షన్, ఫిర్యాదు నంబరు ఎంత, అనుమానం ఎంత మొత్తం మీద అన్నవి రాతపూర్వకంగా అడగండి. ఖాతా మొత్తం ఆపి ఉంటే, అనుమానం ఉన్నంత మేరకే ఆపమని దరఖాస్తు ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ డబ్బు దేనికి వచ్చిందో చూపే బిల్లు గానీ, వాట్సాప్ మెసేజ్ గానీ ఉంటే చెరిపేయకండి. అక్కడ ఫలితం లేకపోతే ఆ కేసు ఉన్న మేజిస్ట్రేటు కోర్టులో విడుదల పిటిషన్ వేయొచ్చు. లాయరును పెట్టుకునే స్థోమత లేకపోతే న్యాయసేవా సంస్థల వాళ్ల నంబరు 15100కు ఫోన్ చేయండి. పొలం సంగతైతే, అమ్మకం అవసరం వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోండి. బయానా పుచ్చుకున్నాక తెలిస్తే పరువు కూడా పోతుంది.